హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు: లెక్క మీరే కట్టుకోవడం ఎలా

"ఏరా, మీ అమ్మ రాత్రి పదింటికి ఎక్కి పొద్దున తొమ్మిదింటికల్లా దిగిపోతుందటగా! అమెరికా అంటే పదకొండు గంటలేనా?"

టికెట్ చూసి మా పెద్దమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ తప్పేం లేదు, టికెట్ మీద అలాగే ఉంది. కానీ అసలు ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. అమ్మానాన్నల్ని మొదటిసారి పిల్లల దగ్గరికి పంపే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ఎంత దూరం? మొత్తం ఎన్ని గంటలు? వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? ఎన్నో తేదీన దిగుతారు? అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పే బదులు, లెక్క ఎలా కట్టాలో ఒకేచోట రాస్తున్నాను. ఉదాహరణకి హైదరాబాద్–దుబాయ్–డల్లాస్ దారి తీసుకున్నాను. మీది షికాగో కావచ్చు, మెల్‌బోర్న్ కావచ్చు, పద్ధతి ఒకటే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- టికెట్ కాపీ. ప్రతి విమానం బయల్దేరే సమయం, దిగే సమయం, తేదీలు కనపడాలి.
- రెండు ఊళ్ల ఎయిర్‌పోర్టుల మూడక్షరాల కోడ్‌లు. హైదరాబాద్‌ది హెచ్‌వైడీ, దుబాయ్‌ది డీఎక్స్‌బీ, డల్లాస్‌ది డీఎఫ్‌డబ్ల్యూ.
- ఫోన్లో గూగుల్ మ్యాప్స్, ఒక కాలిక్యులేటర్.
- కాగితం, పెన్ను. ఇది తప్పనిసరి. ఈ లెక్క నోటితో వేస్తే నాకు ఇప్పటికీ తప్పుతుంది.
- ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే మంచిది. లేకపోయినా ఫర్వాలేదు.

1. ఊరు కాదు, ఎయిర్‌పోర్టు చూడండి

డల్లాస్‌లో పెద్ద ఎయిర్‌పోర్టులు రెండు. దుబాయ్, దోహా విమానాలు దిగేది డల్లాస్ ఫోర్ట్‌వర్త్‌లో. లవ్ ఫీల్డ్ అనేది వేరే, అక్కడివి దేశంలోపలి విమానాలు. హ్యూస్టన్, షికాగోల్లోనూ రెండేసి ఉన్నాయి. న్యూయార్క్‌కి వెళ్లేవాళ్లు జేఎఫ్‌కేనా, నెవార్కా, లాగార్డియానా అన్నది తప్పకుండా చూసుకోవాలి. దూరం లెక్కలో ఈ తేడా పదో ముప్పయ్యో కిలోమీటర్లే. కానీ తీసుకెళ్లడానికి వచ్చే అబ్బాయి ఒకచోట, దిగే అమ్మ ఇంకోచోట ఉంటే ఆ రోజంతా పాడు.

2. దూరం కొలవండి

ఇక్కడే చాలామంది గోడమీది ప్రపంచపటం మీద స్కేలు పెడతారు. వద్దు. బంతిలాంటి భూమిని సాపుగా పరిచిన పటం అది. అందులో ఉత్తరం వైపు దేశాలు ఉన్నదానికన్నా బాగా సాగిపోయి కనిపిస్తాయి. ఆ పటంలో హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. అలా 25వ అక్షాంశం వెంటే పడమరగా వెళ్తే ఒక్క ఆ అడ్డం నడకే సుమారు 17,700 కి.మీ. అవుతుంది.

ఇప్పుడు గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర ఒక దారం కొస నొక్కిపట్టి, రెండో కొస డల్లాస్ దగ్గర బిగించి లాగండి. దారం తనంతట తనే జారి పైకి, ఉత్తరధ్రువం వైపు పోతుంది. మధ్య ఆసియా, సైబీరియా దాటి, ధ్రువానికి అయిదువందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా టెక్సాస్‌లోకి దిగుతుంది. అదే దగ్గరి దారి. దూరం సుమారు 14,400 కి.మీ.

అంకె కావాలంటే మూడు దారులున్నాయి. ఏదో ఒకటి చాలు.

మొదటిది, సులువైనది: గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు ఎయిర్‌పోర్టు కోడ్‌ల మధ్య అడ్డగీత పెట్టి కొట్టండి. దూరం, దారి రెండూ చూపిస్తుంది. అక్కడ అంకె పక్కన అది మైళ్లో, నాటికల్ మైళ్లో, కిలోమీటర్లో తప్పక చూడండి.

రెండోది, గూగుల్ మ్యాప్స్. కంప్యూటర్లో అయితే ఎయిర్‌పోర్టు మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్టు మీద నొక్కండి. ఫోన్లో అయితే వేలితో గట్టిగా నొక్కి పిన్ను పెట్టి, కిందనుంచి పైకి తోస్తే అదే ఆప్షన్ వస్తుంది. గీత వంకరగా వచ్చిందని కంగారుపడకండి, ఆ వంకర గీతే భూమి మీద తిన్నని దారి. ఒక హెచ్చరిక: మామూలుగా దారి అడిగే బటన్ నొక్కితే రోడ్డు దూరమే చూపిస్తుంది, లేదా దారి దొరకలేదంటుంది.

మూడోది, చేత్తో లెక్క. ఇంజినీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్లకి సరదా. మిగతావాళ్లు నేరుగా మూడో మెట్టుకి వెళ్లిపోవచ్చు. షంషాబాద్ 17.24 ఉత్తర అక్షాంశం, 78.43 తూర్పు రేఖాంశం. డల్లాస్ ఫోర్ట్‌వర్త్ 32.90 ఉత్తర అక్షాంశం, 97.04 పడమర రేఖాంశం.

- ఒకటి తూర్పు, ఇంకొకటి పడమర కాబట్టి రేఖాంశాలు కలపాలి: 175.47. రెండూ ఒకే వైపువైతే పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి.
- రెండు అక్షాంశాల సైన్ విలువలు గుణించండి: 0.161.
- రెండు అక్షాంశాల కొసైన్ విలువల్ని, 175.47 కొసైన్‌నీ గుణించండి: మైనస్ 0.799.
- రెండూ కలపండి: మైనస్ 0.638.
- దానికి కొసైన్ విలోమం తీయండి: 129.7 డిగ్రీలు.
- ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున గుణించండి: సుమారు 14,420 కి.మీ.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూసుకోండి. విచిత్రమైన అంకె వస్తే నూటికి తొంభై సార్లు కారణం అదే. ఒకవేళ ఊరు దక్షిణార్ధగోళంలో ఉంటే, అంటే సిడ్నీ, మెల్‌బోర్న్‌లాంటిది అయితే, దాని అక్షాంశానికి మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోకండి. సైట్‌లో వచ్చిన అంకెకీ మీ అంకెకీ నలభై యాభై కిలోమీటర్ల తేడా ఉంటే అది తప్పు కాదు. భూమి సరిగ్గా గుండ్రంగా లేదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది. మన లెక్కలో దాన్ని పట్టించుకోలేదు.

3. నిజంగా వెళ్లే దారిని ముక్కలుగా విడగొట్టండి

14,400 కి.మీ. అనేది పక్షి ఎగిరే దూరం. మన టికెట్ దుబాయ్ మీదుగా కదా. ఒక్కో ముక్కకీ విడిగా కొలవాలి.

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కి.మీ. దుబాయ్ నుంచి డల్లాస్ సుమారు 12,900 కి.మీ. మొత్తం 15,450. అంటే దుబాయ్‌లో ఆగడం వల్ల పెరిగిన దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. పదిహేను వేలలో వెయ్యి పెద్ద చుట్టేం కాదు. గల్ఫ్ మీదుగా వెళ్తే బాగా చుట్టు అని చాలామంది అనుకుంటారు గానీ, అక్కడ గంటలు పెరిగేది దూరంవల్ల కాదు, మధ్యలో కూర్చోవడంవల్ల.

హైదరాబాద్ నుంచి నేరుగా అమెరికా లేదా అని అడుగుతుంటారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. అదే నెలలో బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో కూడా మొదలైంది. మొదటి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉత్తరధ్రువం మీదుగా తీసుకొచ్చారు. ఆ దూరం దాదాపు 14,000 కి.మీ., సమయం 17 గంటల చిల్లర. హైదరాబాద్–డల్లాస్ నేరుగా ఉంటే ఇంచుమించు అంతే పట్టాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విమానం ఎప్పుడూ దగ్గరి దారినే పట్టుకుని పోలేదు. 2022 నుంచి అమెరికా, యూరప్ ఎయిర్‌లైన్స్‌కి రష్యా గగనతలం మూసేసింది. 2025 ఏప్రిల్ చివర పాకిస్తాన్ భారత ఎయిర్‌లైన్స్‌కి తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. 2019లో కూడా కొన్ని నెలలు ఇలాగే జరిగింది. కాబట్టి కొలిచిన దూరానికి మూడు నుంచి అయిదు శాతం కలిపి చూసుకోండి. మూసుకున్న గగనతలాన్ని చుట్టి వెళ్లే విమానమైతే అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు.

4. దూరాన్ని గంటల్లోకి మార్చండి

పెద్ద విమానాలు పైకెక్కాక గంటకి సుమారు 900 కి.మీ. వేగంతో పోతాయి. కానీ దూరాన్ని 900తో భాగించి ఊరుకోకూడదు. గేటు దగ్గరనుంచి కదలడం, రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించడం, మళ్లీ గేటు దాకా రావడం, అన్నీ కలిపితే ఇంకో 40 నిమిషాలు. టికెట్ మీద ఉండేది ఈ గేటు నుంచి గేటుకి సమయమే. పైలట్ మైకులో చెప్పే "ఫ్లయింగ్ టైమ్" దానికన్నా తక్కువ ఉంటుంది, అందుకే అమ్మ ఫోన్ చేసి "తొందరగానే వెళ్తోందటరా" అంటుంది.

నేను వాడే సూత్రం ఇది.

3,000 కి.మీ. లోపు దూరమైతే 800తో భాగించి 40 నిమిషాలు కలపండి. విశాఖ–హైదరాబాద్ గాల్లో సుమారు 510 కి.మీ.: 38 నిమిషాలు, దానికి 40 కలిపితే గంటా పద్దెనిమిది నిమిషాలు. హైదరాబాద్–ఢిల్లీ 1,260 కి.మీ.: రెండుంబావు గంటలు. హైదరాబాద్–దుబాయ్: 3 గంటల 50 నిమిషాలు. టికెట్లు తీసి చూడండి, పది పదిహేను నిమిషాల తేడాలో ఉంటాయి.

అంతకన్నా దూరమైతే 900తో భాగించి 40 నిమిషాలు కలపండి. ఆపైన గాలిని లెక్కలోకి తీసుకోండి. దుబాయ్–డల్లాస్: 14 గంటల 20 నిమిషాలు, దానికి 40 కలిపితే 15 గంటలు.

గాలి సంగతేమిటంటే, విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే 9 నుంచి 12 కి.మీ. పైన, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరులా పారుతూ ఉంటుంది. దాని వేగం గంటకి 150, 200 కి.మీ. దాటడం మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. గోదావరిలో ఎదురీత, వాలుకి ఈత లాంటిదే.

అందుకని పడమరకి వెళ్తుంటే ప్రతి గంటకీ 5 నిమిషాలు కలపండి: 15 గంటలకి 75 నిమిషాలు, అంటే 16:15. తూర్పుకి వస్తుంటే గంటకి 2 నిమిషాలు తీసేయండి: 14:30. దుబాయ్–డల్లాస్ విమానాల షెడ్యూళ్లు దాదాపు ఇలాగే ఉంటాయి. వెళ్లడం 16 గంటల పైన, రావడం పధ్నాలుగున్నర దగ్గర. వెళ్లే కలుపుడు ఎక్కువ, వచ్చే తీసివేత తక్కువ ఎందుకంటే, చుట్టుదారి వల్ల పెరిగే దూరం రెండువైపులా ఉంటుంది. లండన్‌కి కూడా వేసి చూశాను: హైదరాబాద్ నుంచి 7,750 కి.మీ., సూత్రం ప్రకారం పది గంటలు. బాగానే కుదిరింది. ఉత్తర దక్షిణాలుగా పోయే దారులకి మాత్రం ఈ గాలి సర్దుబాటు అక్కర్లేదు.

5. టికెట్‌ని ఒకే గడియారంలోకి మార్చండి

దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి సమయమే. హైదరాబాద్ గడియారంలోంచి డల్లాస్ గడియారాన్ని తీసేయడం అంటే, రూపాయల్లోంచి డాలర్లు తీసేయడం లాంటిది. అన్నీ మన సమయంలోకి మార్చాకే కూడికలు, తీసివేతలు.

మన సమయం నుంచి తేడాలు:

- దుబాయ్: మనకన్నా గంటన్నర వెనక, ఏడాది పొడవునా.
- డల్లాస్, చలికాలం: మనకన్నా పదకొండున్నర గంటలు వెనక.
- డల్లాస్, ఎండాకాలం: పదిన్నర గంటలు వెనక.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబర్ 1. ఫీనిక్స్ ఉన్న అరిజోనాలో చాలా భాగం ఇది పాటించదు. యూరప్ మార్చేది మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో. కాబట్టి లండన్ మీదుగా వెళ్లేవాళ్లకి మార్చిలో రెండు మూడు వారాలు లెక్క మరోలా ఉంటుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ టికెట్. సమయాలు నేను లెక్క కోసం పెట్టినవి, మీ టికెట్‌లోవి వేసుకోండి.

- జనవరి 10, రాత్రి 10:00: హైదరాబాద్‌లో బయల్దేరడం. మన సమయం అదే.
- జనవరి 11, రాత్రి 12:30: దుబాయ్‌లో దిగడం. మన సమయం 2:00. అంటే 4 గంటల ప్రయాణం.
- జనవరి 11, తెల్లవారుజాము 2:40: దుబాయ్‌లో బయల్దేరడం. మన సమయం 4:10. మధ్యలో ఆగింది 2 గంటల 10 నిమిషాలు.
- జనవరి 11, ఉదయం 9:00: డల్లాస్‌లో దిగడం. పదకొండున్నర కలిపితే మన సమయం రాత్రి 8:30. అంటే 16 గంటల 20 నిమిషాలు.

మొత్తం: 10వ తేదీ రాత్రి 10 నుంచి 11వ తేదీ రాత్రి 8:30 దాకా, ఇరవై రెండున్నర గంటలు. మా పెద్దమ్మ చూసిన పదకొండు గంటలకి పదకొండున్నర కలిపినా ఇదే వస్తుంది. అలా రాకపోతే ఎక్కడో తప్పినట్టు.

ఇదే విమానం జూలైలో అయితే అంతే సేపు ఎగిరి, డల్లాస్ గడియారంలో పదింటికి దిగుతుంది. ప్రయాణం పెరగలేదు, వాళ్ల గడియారం ముందుకి జరిగింది.

తిరుగు ప్రయాణంలో వ్యవహారం తిరగబడుతుంది. ఫిబ్రవరి 5 మధ్యాహ్నం 12:00కి డల్లాస్‌లో ఎక్కితే, పధ్నాలుగున్నర గంటల తర్వాత దుబాయ్‌లో 6వ తేదీ మధ్యాహ్నం 12:30. మూడు గంటలు ఆగి 3:30కి ఎక్కితే, హైదరాబాద్‌లో రాత్రి 8:25. గడియారాలు చూస్తే 32 గంటల 25 నిమిషాలు. అందులోంచి పదకొండున్నర తీసేస్తే 20 గంటల 55 నిమిషాలు. "వచ్చేటప్పుడు రోజున్నర పట్టింది" అనేవాళ్లు ఈ తీసివేత మరిచిపోయినవాళ్లే.

సింగపూర్, టోక్యో మీదుగా పసిఫిక్ దాటి వెళ్లేవాళ్లకి ఇంకో వింత: టోక్యోలో సాయంత్రం ఎక్కి, అదే తేదీ పొద్దున శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతారు. తేదీరేఖ గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రెండు సమయాల్నీ మన సమయంలోకి మార్చండి, చిక్కు దానంతట అదే విడిపోతుంది.

6. గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేయండి

విమానం గంటలు తెలిస్తే సరిపోదు. ఇంటినుంచి బయల్దేరాల్సిన సమయం అసలు లెక్క. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు షంషాబాద్‌లో ఉండాలి. చాలా ఎయిర్‌లైన్స్ కౌంటర్‌ని గంట ముందే మూసేస్తాయి. విజయవాడ నుంచి కారులో వస్తే అయిదు గంటలు, దారిలో టిఫినుకి ఆగితే ఆరు. రాత్రి పది విమానానికి విజయవాడలో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కారెక్కాలి. అప్పుడు మొత్తం ప్రయాణం ముప్పయి గంటలు దాటుతుంది. అమ్మకి చెప్పాల్సింది ఈ అంకె.

అటువైపు కూడా చూడండి. డల్లాస్‌లో 9కి దిగితే బయటికొచ్చేసరికి పదిన్నర అనుకోండి. ఇమిగ్రేషన్ క్యూ ఒక్కోరోజు అరగంట, ఒక్కోరోజు రెండు గంటలు. అమెరికాలో దిగిన మొదటి ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్ అన్నీ అవుతాయి. అక్కణ్ణుంచి ఇంకో ఊరికి కనెక్షన్ ఉంటే సూట్‌కేసులు మళ్లీ అప్పగించాలి. అలాంటి కనెక్షన్‌కి మూడు గంటలు లేకపోతే టికెట్ కొనకండి, చౌకగా వచ్చినా సరే. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకి అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అంటే వాళ్లు ఆ సమయాన్ని అక్కడి ఆగుడులో కలుపుకోవాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా ఖరీదైన తప్పు అర్ధరాత్రి తేదీ. 12వ తేదీ 00:40 అంటే 11వ తేదీ రాత్రి భోజనాలయ్యాక అని అర్థం. దుబాయ్ నుంచి 12వ తేదీ 00:40కి దిగుతున్న మా బావ కోసం ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సిన నేను, 11 రాత్రి హాయిగా నిద్రపోయాను. ఒంటిగంటన్నరకి ఆయన షంషాబాద్ నుంచి ఫోన్ చేశాక గానీ తెలివి రాలేదు. దింపడానికి వెళ్లేవాళ్లు ఈ తప్పు చేస్తే విమానమే పోతుంది. రాత్రి 12 నుంచి 4 లోపు విమానమైతే, కాగితం మీద "11 రాత్రి తెల్లవారితే 12" అని తెలుగులో రాయండి. పెద్దవాళ్లు రోజుని లెక్కించేది పొద్దున లేచిన దగ్గర్నుంచి, గడియారం పన్నెండు నుంచి కాదు.

సమయం పక్కన చిన్న అక్షరాల్లో ఉండే "+1" చూడకపోవడం. మరుసటి రోజు దిగుతుందని దానర్థం.

మైళ్లు, నాటికల్ మైళ్లు, కిలోమీటర్లు కలిపేయడం. మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. హైదరాబాద్–డల్లాస్ 14,400 కి.మీ. అన్నా, 8,950 మైళ్లు అన్నా, 7,775 నాటికల్ మైళ్లు అన్నా ఒకటే. కిలోమీటర్ల వేగంతో మైళ్లని భాగించారంటే దుబాయ్–డల్లాస్ తొమ్మిది గంటల్లో అయిపోతుంది!

ఆరునెలల తర్వాతి తిరుగు టికెట్‌కి కూడా వెళ్లినప్పటి పదకొండున్నర తేడానే వాడటం. జనవరిలో వెళ్లి జూన్‌లో వచ్చేవాళ్లందరూ ఈ గంట దగ్గర జారతారు.

మన అరగంటని మరిచిపోవడం. చాలా దేశాల గడియారాలు లండన్ దగ్గరి గ్రీన్‌విచ్ సమయానికి పూర్తి గంటల తేడాలో ఉంటే, మనది అయిదున్నర గంటలు. నోటిలెక్కలో అరగంట ఎగిరిపోతుంది.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ఒకటి, వేగం పరీక్ష. ప్రతి పెద్ద ముక్కకీ దూరాన్ని గంటలతో భాగించండి. 750 నుంచి 950 మధ్య రావాలి. దుబాయ్–డల్లాస్ వెళ్లేటప్పుడు 790, వచ్చేటప్పుడు 890. టికెట్ గడియారాల్ని నేరుగా తీసేస్తే 2:40 నుంచి 9:00 దాకా ఆరుగంటల ఇరవై నిమిషాలే కదా, అప్పుడు వేగం 2,000 దాటుతుంది. అది 2003లో మూలపడ్డ కాంకార్డ్ అనే అతివేగపు విమానం వేగం. మీకు అలాంటి అంకె వస్తే టైమ్‌జోన్ మరిచిపోయారని గుర్తు. చిన్న దూరాల విమానాలకి ఈ పరీక్ష పనికిరాదు, ఆ 40 నిమిషాలే సగం తినేస్తాయి.

రెండు, హద్దు పరీక్ష. భూమి చుట్టుకొలత 40,000 కి.మీ. కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యా దగ్గరి దూరం 20,000 దాటదు. ఇప్పుడు నడుస్తున్న విమానాల్లో ఆగకుండా ఎక్కువ దూరం పోయేవాటిలో మొదట చెప్పుకునేది సింగపూర్–న్యూయార్క్: 15,300 కి.మీ. పైచిలుకు, పద్దెనిమిదిన్నర గంటల పైన. మీ ఒక్క ముక్క దానికన్నా పొడుగొస్తే మళ్లీ వేయండి.

మూడు, నిజంగా ఎంత పట్టిందో చూడటం. ఫ్లైట్‌రాడార్24 సైట్‌లో గానీ ఫ్లైట్‌అవేర్ సైట్‌లో గానీ మీ విమానం నంబరు కొట్టండి. గత కొన్ని రోజుల్లో ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు దిగింది, ఏ దారిన పోయింది, అన్నీ కనిపిస్తాయి. నేనైతే ఒక్క రోజుది చూసి నమ్మను, వారం చూస్తాను. కనెక్షన్ రెండు గంటలే ఉండి, మొదటి విమానం వారంలో మూడుసార్లు గంట ఆలస్యమైతే, ఆ టికెట్ గురించి మళ్లీ ఆలోచించండి.

మందులు వేసుకునేవాళ్లకి

షుగర్, బీపీ మాత్రలు "పొద్దున, రాత్రి" అని వేసుకునేవాళ్లకి ఈ ప్రయాణంలో పొద్దున ఎప్పుడో, రాత్రి ఎప్పుడో తెలియదు. వెళ్లేటప్పుడు రోజు పదకొండున్నర గంటలు సాగుతుంది, వచ్చేటప్పుడు అంతే కుదించుకుపోతుంది. ప్రయాణమంతా చేతి గడియారాన్ని మన సమయంలోనే ఉంచమనండి. ఎన్ని గంటలకి ఏది వేసుకోవాలో, ముఖ్యంగా ఇన్సులిన్ ఎంతో, బయల్దేరేముందే డాక్టర్‌ని అడగండి. అయిదో మెట్టులో వేసిన కాగితం చూపిస్తే ఆయనకీ చెప్పడం సులువు. మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

చివరగా, లెక్కంతా అయ్యాక ఒక చీటీ రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టండి. మా అమ్మకి రాసిచ్చింది ఇలా ఉంది:

శనివారం రాత్రి 10: హైదరాబాద్‌లో ఎక్కడం.
మన గడియారంలో రాత్రి 2: దుబాయ్. దిగి, బోర్డు మీద డల్లాస్ గేటు నంబరు చూసుకోవడం. వైఫై దొరికితే మెసేజ్.
మన గడియారంలో 4:10: ఎక్కడం. తినడం, పడుకోవడం, గంటకోసారి లేచి నడవడం.
మన గడియారంలో ఆదివారం రాత్రి 8:30: డల్లాస్. అక్కడ పొద్దున 9. గడియారం ఇప్పుడు మార్చుకో.
సామాను తీసుకుని బయటికొచ్చాక కుర్చీలో కూర్చో. నేను అక్కడే ఉంటాను.